ఏనుగును తడిమినవాళ్ళు, పిలిపించిన రాజు





పౌర్ణమి సమావేశాలకు వచ్చే పిల్లలు, ముఖ్యంగా నంద్యాలలో డిగ్రీ చదివేవాళ్ళు, తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఒకే సంగతి మీద టీవీలో ఒకాయన ఒకటి చెప్తాడు. చర్చిలో పాస్టరు గారు ఇంకొకటి చెప్తారు. కాలేజీలో లెక్చరర్ మరొకటి చెప్తాడు. మీరొచ్చి వేరేది చెప్తారు. ఎవరి చూపు వాళ్ళదైనప్పుడు మేము దేన్ని పట్టుకోవాలి?" మంచి ప్రశ్న. ఇదే ప్రశ్నను రెండున్నర వేల ఏళ్ళ కింద కేసముత్తి అనే ఊళ్ళో కాలాములు బుద్ధుణ్ణే అడిగారు. దాని జవాబు దగ్గరికి తర్వాత వస్తాం. ముందు ఏనుగు కథ చూద్దాం.

ఈ కథ మీకు తెలుసు. బడి పుస్తకంలో చదువుకున్నదే. కానీ అది మన కథ అని, తిపిటకంలో ఉదానం అనే గ్రంథంలో ఉందని చాలామందికి తెలియదు. సావత్థి నగరంలో రకరకాల సన్యాసులు, బ్రాహ్మణులు లోకం శాశ్వతమా కాదా అని వాదులాడుకుంటూ మాటలతో ఒకరినొకరు పొడుచుకుంటుంటే, భిక్ఖువులు వచ్చి బుద్ధుడికి చెప్పారు. అప్పుడు ఆయన చెప్పిన కథ ఇది. పూర్వం ఒక రాజు ఆ ఊళ్ళో పుట్టు గుడ్డివాళ్ళందరినీ ఒకచోట చేర్పించి, ఏనుగును తెప్పించి తడమమన్నాడు. తల తడిమినవాడు ఏనుగంటే కుండ అన్నాడు. చెవి దొరికినవాడు చేట అన్నాడు. దంతం దొరికినవాడు నాగలి కర్రు అన్నాడు. తొండం దొరికినవాడికి అది నాగలికి కట్టే పొడుగాటి కొయ్యలా తోచింది. పొట్ట తడిమినవాడు గాదె అన్నాడు, కాలు తడిమినవాడు స్తంభం అన్నాడు. వీపు రోలు, తోక రోకలి, తోక చివర కుచ్చు చీపురు. ఆ తర్వాత ఏనుగంటే ఇది, కాదు ఇది అని ఒకరినొకరు పిడికిళ్ళతో గుద్దుకున్నారు.

ఈ కథను మనకు ఎట్లా చెప్తారు? "అందరిలోనూ కొంచెం నిజం ఉంది నాయనా, గొడవ పడొద్దు" అని. ఊళ్ళో మన పిల్లోడు దెబ్బలు తిని వచ్చినప్పుడు పెద్దమనుషులు చెప్పేది కూడా ఇదే. వాళ్ళవైపు నుంచి కూడా చూడాలి గదా, అంటారు. అంతటితో కథ ముగించేస్తారు. నేను మిమ్మల్ని ఇంకొంచెం సేపు అక్కడే నిలబడమంటాను.

ఆ గుడ్డివాళ్ళు చెప్పిన వస్తువులు మళ్ళీ ఒకసారి చూడండి. కుండ, చేట, కర్రు, గాదె, రోలు, రోకలి, చీపురు. ఒక్కడైనా సింహాసనం అన్నాడా? కిరీటం అన్నాడా? వాళ్ళ చేతులు పుట్టినప్పటి నుంచి ఏ వస్తువులను పట్టుకున్నాయో ఆ వస్తువులతోనే వాళ్ళు ఏనుగును పోల్చుకున్నారు. మనిషి చూపు ఆకాశం నుంచి ఊడిపడదు. వాడి చెయ్యి ఏం పని చేసిందో, కాలు ఏ వీధిలో నడిచిందో, ఏ గుమ్మం దగ్గర ఆగిపోయిందో దాని నుంచి పుడుతుంది. కేసీ కాలువ కింద వరి నాటే ఆడమనిషికి పొలం అంటే నడుము నొప్పి, కూలి డబ్బులు. అదే పొలం బ్యాంకు మేనేజరుకు తనఖా కాగితం. రియల్ ఎస్టేట్ చేసేవాడికి ప్లాట్లు. పొలం ఒకటే.

ఆళ్ళగడ్డలో బస్సు దిగి శిల్పుల వర్క్‌షాపుల వైపు నడవండి. రాళ్ళు చెక్కే చప్పుడు రోడ్డు మీదికే వినపడుతుంది. దేవుళ్ళ విగ్రహాలు, నాయకుల విగ్రహాలు అన్నీ అక్కడ తయారవుతాయి. క్వారీలో కూలికి ఆ రాయి మోయాల్సిన బరువు. లారీ డ్రైవరుకు లోడు. శిల్పికి అందులో దాక్కున్న రూపం కనిపిస్తుంది. కొనుక్కుపోయినవాడు దానికి మొక్కుతాడు. ఇక పాలిష్ పట్టే పిల్లోడికి ఆ రాయి అంటే ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ము. ఇందులో ఎవరి మాటా అబద్ధం కాదు. అయితే కొనేవాడి చూపు గుడి దాకా వెళ్తుంది, శాసనాల్లోకి ఎక్కుతుంది. దుమ్ము పీల్చినవాడి చూపు ఆసుపత్రి ఓపీ చీటీ దగ్గరే ఆగిపోతుంది. చూపులు ఎన్నో ఉన్నాయని చెప్పి ఊరుకుంటే ఈ తేడా కనపడదు.

ఇప్పుడు ఒక మనిషిని తీసుకుందాం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. మనకు కూతవేటు దూరంలోని మనిషి. 1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పాలెగాళ్ళ బలం విరగ్గొట్టాడు, కొందరికి పెన్షన్లు ఇచ్చాడు. ఆ పెన్షన్ తగాదా, భూముల తగాదా ముదిరి 1846లో నరసింహారెడ్డి తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. జనం భయపడాలని ఆయన తలను కోటకు ఏళ్ళ తరబడి వేలాడదీశారు. కంపెనీ కాగితాల్లో ఆయన దోపిడీదారు, తిరుగుబాటుదారు. అదే మనిషి ఈరోజు తొలి స్వాతంత్ర్య వీరుడు. 2019లో పెద్ద సినిమా కూడా వచ్చింది. చూపు మారింది, నేరస్థుడు వీరుడైనాడు. బాగుంది.

కానీ మన పల్లెల నుంచి మూడో చూపు ఒకటుంది. ఆయన వెనక నడిచినవాళ్ళెవరు? కత్తి పట్టినవాళ్ళు, అడవిలో దారి చూపినవాళ్ళు, దొరికిపోయి శిక్షలు పడినవాళ్ళు ఎవరు? వడ్డె ఓబన్న పేరు ఈ మధ్యనే బయటికి వచ్చి, జయంతి చేస్తున్నారు. అది కూడా ఆ కులం వాళ్ళు అడిగి అడిగి తెచ్చుకున్నది. మిగిలినవాళ్ళ పేర్లు ఎక్కడ? దొర గెలిస్తే వాళ్ళ బతుకు ఏమయ్యేది అని అడిగినవాళ్ళు ఎవరు? ఇట్లా అడిగితే వీరుణ్ణి తక్కువ చేసినట్టు కాదు. ఒకే చరిత్రను మేడ మీద నుంచి చూస్తే ఏం కనపడుతుంది, అరుగు కింద నుంచి చూస్తే ఏం కనపడుతుంది అని తెలుసుకోవడం.

ఫ్యాక్షన్ సంగతి కూడా అంతే. సీమ అంటే బయటివాళ్ళకు తొడ కొట్టడం, సుమోలు గాల్లోకి ఎగరడం. 1999లో సమరసింహారెడ్డి వచ్చినప్పటి నుంచి సినిమావాళ్ళు మనల్ని అట్లా అమ్ముకున్నారు. నంద్యాల పిల్లోడు హైదరాబాదులో రూము అద్దెకు అడిగితే, "ఏ ఊరు? అమ్మో, బాంబులు తెస్తావా?" అని ఓనరు నవ్వుతూనే అడుగుతాడు. నవ్వుతూనే రూము లేదంటాడు. అప్పుడు మన సీమవాళ్ళందరికీ, పై కులాల పిల్లలతో సహా, ఎంత మంట పుడుతుంది! పుట్టిన ఊరును బట్టి మనిషిని ఎట్లా కొలుస్తావు? ఎవరో నలుగురు చేసినదానికి అందరి రక్తమూ అంతేనా? కరువు చూశావా, కాంట్రాక్టులు ఎవరి చేతిలో ఉన్నాయో చూశావా, రాజకీయం చూశావా, ఇవేమీ చూడకుండా "వాళ్ళ స్వభావమే అంత" అంటావా?

సరిగ్గా అడిగారు. ఇదే మాట ధమ్మం చెప్తుంది. ఏదీ ఊరికే పుట్టదు, కారణాలుంటేనే పుడుతుంది, ఆ కారణాలు తీసేస్తే పోతుంది. పటిచ్చ సముప్పాదం అని పాళీలో పెద్ద పేరు ఉంది గానీ, రూము దొరకని సీమ పిల్లోడికి దాన్ని వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

మరి ఆ పిల్లోడే పండగకు ఊరికి వచ్చి, అరుగు మీద కూచుని మన వీధి వైపు చూసి ఏమంటాడు? "వీళ్ళ బుద్ధే అంత." "వీళ్ళకు ఎంత చేసినా ఇంతే." హైదరాబాదు బస్సులో ఉన్నంతసేపు మనుషుల నడవడికి కారణాలు ఉంటాయని తెలుసు. ఊరి బస్టాండులో దిగగానే నడవడికి కారణం పుట్టుక అయిపోయింది. అన్యాయం ఎట్లా ఉంటుందో తన ఒంటికి తగిలి తెలిసినవాడు కూడా పక్కవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిని గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలేస్తున్నాడు. ఇది ఎందుకు జరుగుతుందో ఆలోచించాల్సిన విషయం.

పేరు పెట్టడంలో కూడా చూపు ఉంటుంది. ఇప్పటి నంద్యాల జిల్లాలోనే పాములపాడు మండలం వేంపెంటలో 1998లో మన మనుషులను చంపారు. కొందరు అది నక్సలైట్ల గొడవకు పగ అన్నారు. కొందరు ఫ్యాక్షన్ అన్నారు. చచ్చినవాళ్ళు ఏ వీధివాళ్ళో చూసినవాళ్ళు కులం అన్నారు. ఇది ఉత్త మాటల తేడా కాదు బంధువులారా. ఫ్యాక్షన్ అంటే పోలీసు పికెట్టు పెట్టి, రెండు వర్గాలను పిలిచి రాజీ చేస్తారు. కులం అంటే 1989 అత్యాచారాల నిరోధక చట్టం వస్తుంది, కేసు నడవాలి, పరిహారం ఇవ్వాలి. ఏ రోగం పేరు రాస్తే ఆ మందే ఇస్తారు గదా. అందుకే పేరు పెట్టే కలం కోసం ఇంత పెనుగులాట.

మన బాబాసాహెబ్ ఈ విషయాన్ని 25 ఏళ్ళ వయసులోనే పట్టుకున్నారు. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో కులాల పుట్టుక మీద ఒక వ్యాసం చదివారు. అప్పటికే పెద్ద పెద్ద పండితులు ఏనుగును తడిమి ఉన్నారు. నెస్‌ఫీల్డ్ కులమంటే వృత్తి అన్నాడు. రిస్లీ జాతి అన్నాడు, జనం ముక్కులు కొలిపించాడు. బాబాసాహెబ్ వాళ్ళందరినీ చదివారు, గౌరవించారు, ఆపైన ఒక చురక వేశారు. యూరప్ పండితులు రంగును అంతగా పట్టుకోవడానికి కారణం వాళ్ళలోనే రంగు పిచ్చి ఉండటం అన్నారు. చూసేవాడి కళ్ళజోడు రంగే చూసినదానికి అంటిందన్నమాట. అట్లాగని "ఎవరి అభిప్రాయం వాళ్ళది" అని వదిలెయ్యలేదు. కులం ఒంటరిగా ఉండదు, ఎప్పుడూ మిగతా కులాలతో కలిసి ఒక వరుసగానే ఉంటుంది, దాన్ని నిలబెట్టేది తమలో తామే పెళ్ళి చేసుకునే కట్టుబాటు అని ఆధారాలతో చూపించారు. చెవిని, తోకను విడివిడిగా కాకుండా మొత్తం ఏనుగును చూపించడమంటే అది.

ఆయన జీవితంలోనే ఇంకో పాఠం ఉంది. న్యూయార్క్, లండన్‌లలో ఉన్నన్నాళ్ళు తాను అంటరానివాణ్ణనే స్పృహే చెరిగిపోయిందని ఆయనే రాసుకున్నారు. 1917లో బరోడా స్టేషనులో దిగగానే ఎక్కడ తల దాచుకోవాలి అనే ప్రశ్న ఎదురైంది. పార్సీల సత్రంలో దిగితే కొన్ని రోజులకే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. అదే ఒళ్ళు, అదే చదువు, అదే కోటు. ఓడ దిగేసరికి మనిషి మారలేదు, చుట్టూ చూసే కళ్ళు మారాయి. అంటరానితనం మన ఒంట్లో లేదని, చూసేవాడి చూపులో ఉందని ఇంతకంటే రుజువు ఏం కావాలి?

బుద్ధుడు కూడా ఇట్లాంటి రుజువే చూపించాడు. అస్సలాయనుడనే పదహారేళ్ళ బ్రాహ్మణ కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు, పెద్దలు పంపితే బుద్ధుడితో వాదానికి వచ్చాడు. వర్ణాలు నాలుగు, అందులో మేమే గొప్ప అన్నాడు. బుద్ధుడు నెమ్మదిగా అడిగాడు. యోన, కాంబోజ దేశాల్లో రెండే తరగతులున్నాయట, యజమాని, బానిస. అక్కడ యజమాని బానిస కావచ్చు, బానిస యజమాని కావచ్చు. ఈ సంగతి విన్నావా? విన్నానన్నాడు కుర్రవాడు. అక్కడ బానిసత్వం బాగుందని బుద్ధుడు చెప్పడం లేదు. ఇంకో దేశంలో ఇంకోరకంగా ఉందంటే, నీ దేశంలోది బ్రహ్మ రాసింది కాదు, మనుషులు పెట్టుకున్నది అని తేలుతుంది. అంతే. ఇతరుల సమాజం వైపు ఒక్కసారి చూడటం మన సంకెళ్ళకు తాళం ఎక్కడుందో చూపిస్తుంది. పిల్లల్ని చదివించండి, బయటి ఊళ్ళకు పంపండి అని మేము గొంతు చించుకునేది ఇందుకే.

యోనులంటే గ్రీకులు. ఆ యోనుల పేరు మన సీమ రాళ్ళ మీద కూడా ఉంది. గుత్తి, పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుని శాసనాలున్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా లోకానికి తెలియలేదు. గొర్రెలు కాసేవాళ్ళు రోజూ చూసినవే. చదవగలిగిన కళ్ళు అప్పటికి రాలేదు, అంతే. అక్కడ చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. మడిలో సాలు తిరిగిన ఎద్దులా. ఒకవైపు నుంచే చదువుకుంటూ పోతే అర్థం కాదు, చివరికి వెళ్ళి తిరిగి రావాలి. వీలైతే విహారం పిల్లల్ని ఒక ఆదివారం అక్కడికి తీసుకుపోండి.

ఆ రాళ్ళ మీదున్న పన్నెండో శాసనం సారాంశం ఏమిటంటే, సొంత మతాన్ని అతిగా పొగుడుకుని పక్క మతాన్ని ఊరికే తిట్టేవాడు నిజానికి తన మతానికే హాని చేస్తున్నాడని. మాటకు అదుపు ఉండాలని. ఇది మనకు ఇప్పుడు చాలా అవసరం. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల మన చుట్టాల్లో సగానికి పైగా చర్చికి పోయేవాళ్ళే. చాగలమర్రి దగ్గర ముత్యాలపాడులో పందొమ్మిదో శతాబ్దంలోనే మిషన్ వచ్చింది. ఊరి బడి అరుగు ఎక్కనివ్వనప్పుడు మన జేజినాయనలకు పలక పట్టిచ్చింది ఆ బడులే. ఈరోజు త్రిశరణం తీసుకున్న మనం ఆ మేనత్తను, ఆ పెద్దమ్మను పట్టుకుని "మీరు మోసపోయారు" అని పెళ్ళి భోజనాల దగ్గర ఎగతాళి చేస్తే ఏం సాధించినట్టు? ఆమె అక్కడికి ఎందుకు వెళ్ళిందో అడిగారా? జబ్బు చేసినప్పుడు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన మనిషి ఒకరున్నారు, అందుకు వెళ్ళింది. మనం ఆమె గడప తొక్కామా? పైగా 1950 ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ గుర్తింపు లేదు. బౌద్ధులకు కూడా 1990లో గానీ రాలేదు. ఆ బాధ ఏమిటో 34 ఏళ్ళు పడినవాళ్ళం, ఇంకా పడుతున్నవాళ్ళను చూసి నవ్వకూడదు.

మన కోపానికి అర్హులు వేరే ఉన్నారు. ఏనుగు కథలో రాజును మరిచిపోకండి. కథ చివర గుడ్డివాళ్ళు గుద్దుకుంటుంటే రాజు సంతోషించాడని ఉంది. బుద్ధుడు ఆ కథను వాదులాడుకునే సన్యాసుల మీద చెప్పాడు. నేను రాజు వైపు వేలు పెట్టి చూపిస్తున్నాను. అది నా చూపు, మీరు తూచుకోండి. ఏనుగును మొత్తంగా చూసినవాడు ఆ సభలో ఆయనొక్కడే. పిలిపించినవాడూ ఆయనే. నిజం చెప్పి గొడవ ఆపగలిగినవాడూ ఆయనే. ఆపలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాయడానికి చెయ్యి కొంచెం ఆగుతోంది, అయినా రాయాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణ చేసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత ఒక పౌర్ణమికి మన సమావేశంలో మాల అన్నలు ఒకవైపు, మాదిగ అన్నలు ఒకవైపు కూచున్నారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే. బుద్ధ వందన ఒకే గొంతుతో అయ్యింది. టీ దగ్గర మాత్రం రెండు గుంపులు. ఒక గుంపులో "వాళ్ళు మన వాటా తిన్నారు", ఇంకో గుంపులో "వాళ్ళు మన ఐక్యత చెడగొట్టారు". ఆ రెండు మాటల కింద నిజమైన బాధ ఉంది. ఒకరికి ఇంట్లో మొదటి ఉద్యోగం ఇంకా రాలేదు. ఇంకొకరికి వచ్చిన ఒక్క ఉద్యోగం కూడా పోతుందేమోనని భయం. తీర్పు మంచిదా చెడ్డదా అనేది లెక్కలు ముందు పెట్టుకుని మాట్లాడుకోవాల్సిన విషయం, మాట్లాడుకుందాం. కానీ మాట్లాడే పద్ధతిలో "వాళ్ళ బుద్ధే అంత" అనేది వచ్చిందా లేదా? వచ్చింది. నేను విన్నాను. అరుగు మీద వాళ్ళు మన గురించి అనే మాట, అక్షరం మారకుండా, మన నోటి నుంచి మనవాళ్ళ మీదికి వచ్చింది.

దీన్నే బాబాసాహెబ్ మెట్లు మెట్లుగా ఉన్న అసమానత అన్నారు. పైవాడి కాలు నా తల మీద ఉందని ఏడుస్తూనే నా కాలు ఎవడి తల మీద ఉందో చూసుకోకపోవడం. మాల వీధికి కింద మాలదాసరులున్నారు, మాదిగ వీధికి కింద డక్కలివాళ్ళున్నారు, చిందువాళ్ళున్నారు. వాళ్ళు మన గురించి ఏం చెప్తారో ఏనాడైనా కూచుని విన్నామా? వాళ్ళ దృష్టిలో మనం కూడా ఊరే.

ధమ్మంలో దీనికి ఒక మందు ఉంది. శాక్య రాకుమారులు దీక్ష తీసుకోవడానికి వచ్చినప్పుడు వాళ్ళతోపాటు వాళ్ళ మంగలి ఉపాలి కూడా వచ్చాడు. రాకుమారులే బుద్ధుణ్ణి కోరారు. ముందు ఉపాలికి దీక్ష ఇవ్వండి, అప్పుడు మేము ఆయనకు మొక్కాల్సి వస్తుంది, మా శాక్య గర్వం దిగుతుంది అని. సంఘంలో ముందు దీక్ష తీసుకున్నవాడే పెద్ద. నిన్నటిదాకా తమ గడ్డం గీసిన మనిషికి వాళ్ళు వంగి నమస్కరించారు. ఆ ఉపాలే తర్వాత వినయ నియమాల్లో అందరికంటే దిట్ట అయ్యాడు. గర్వం పోవాలని మనసులో అనుకుంటే పోదని ఆ రాకుమారులకు తెలుసు, నడుము వంచే ఏర్పాటు చేసుకున్నారు.

అంగులిమాలుడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఫ్యాక్షన్ కేసుల్లో జైలుకు పోయి వచ్చిన మన పిల్లలు ఊళ్ళల్లో ఉన్నారు కాబట్టి. దొర కోసం బాంబు పట్టుకున్నవాడు, దొర రాజీ పడి కొడుకును అమెరికా పంపుకున్నాక, ఒంటరిగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నవాడు. అంగులిమాలుణ్ణి పసేనది రాజు గుర్రాల దండుతో పట్టుకోవడానికి బయల్దేరాడు. బుద్ధుడు నడిచి వెళ్ళాడు. గురువు మాట విని వేళ్ళు కోసిన మనిషి అతను, ఎవరో పురమాయించినవాడే. భిక్ఖువు అయ్యాక కూడా జనం రాళ్ళతో కొట్టారు, నెత్తురు కారుతూ వచ్చాడు. బుద్ధుడు చేసింది మాఫీ చెయ్యలేదు, ఓర్చుకోమన్నాడు. అట్లాగని నీ పుట్టుకే అంత అని కూడా అనలేదు. చేసినదానికి బాధ్యత ఉంటుంది, మారడానికి దారి ఉంటుంది. ఈ రెండూ కలిపి చూడటం కష్టం. పోలీసు ఒకటే చూస్తాడు, తల్లి ఒకటే చూస్తుంది.

ఇక కాలాముల ప్రశ్న. మా ఊరికి వచ్చిన ప్రతివాడూ తన సిద్ధాంతాన్ని పొగిడి పక్కవాడిది తిడుతున్నాడు, ఎవరిది నమ్మాలి అన్నారు వాళ్ళు. అన్నీ నిజమే అని బుద్ధుడు చెప్పలేదు. ఏదీ నిజం కాదనీ చెప్పలేదు. గ్రంథంలో ఉందనో, తాతల నుంచి వస్తోందనో, చెప్పినవాడు మా గురువనో నమ్మొద్దన్నాడు. ఆ మాట ప్రకారం నడిస్తే లోభం, ద్వేషం, మోహం పెరుగుతాయా తగ్గుతాయా, మనుషులకు మేలు జరుగుతుందా కీడు జరుగుతుందా, మీరే చూసి తేల్చుకోండి అన్నాడు. అష్టాంగ మార్గంలో మొదటిది సమ్మా దిట్ఠి, సరైన చూపు. చూపులన్నీ సమానమే అయితే దానికి ముందు "సరైన" అనే మాట ఎందుకు పెడతాడు? అరుగు మీద కూచున్నవాడి చూపు, అరుగు కింద నిలబడ్డవాడి చూపు రెండూ చూపులే. వాటిలో ఒకటి దుఃఖాన్ని దాచిపెడుతుంది, ఒకటి బయటపెడుతుంది. పిల్లల ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదే. ఇది కూడా నేను చెప్పానని నమ్మొద్దు.

ఇది ఇంట్లోనే మొదలవ్వాలి. సమావేశంలో నేను గంటసేపు సమత గురించి మాట్లాడుతుంటే వెనక గదిలో అక్కలు పులిహోర కలుపుతుంటారు. మైకు శబ్దం అక్కడికి సరిగ్గా వినపడదు. ధమ్మం గురించి వాళ్ళ చూపు ఏమిటో ఎవరూ అడగలేదు. కిసా గోతమి చచ్చిన బిడ్డను ఎత్తుకుని ఆవగింజల కోసం గడప గడపకూ తిరిగింది. చావు లేని ఇంటి నుంచి తెమ్మని బుద్ధుడు చెప్పాడు. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు, నడిపించాడు. పది ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి పది మంది తల్లుల మాట విన్నాకే ఆమె చూపు మారింది.

కాబట్టి వచ్చే పౌర్ణమికి ఉపన్యాసం పెట్టుకోవడం లేదు. వంట మగవాళ్ళది. అక్కలు ముందు వరసలో కూచుంటారు. వీధుల వారీగా కాకుండా, వచ్చిన వరసలో కూచోవాలి. మాల వీధి నుంచి వచ్చినవాళ్ళు మాదిగ వీధిలో ఒక ఇంటికి, మాదిగ వీధి నుంచి వచ్చినవాళ్ళు మాల వీధిలో ఒక ఇంటికి ముందే వెళ్ళి, వాళ్ళింట్లో మొదట బడికి పోయింది ఎవరు, మొదటి ఉద్యోగం ఎప్పుడు వచ్చింది లేదా ఎందుకు రాలేదు, అడిగి తెలుసుకుని రండి. సమావేశంలో ఆ ఇంటి కథనే చెప్పండి, మీ సొంత కథ వద్దు. డక్కలి కుటుంబాలను పిలవడానికి ఇద్దరు వెళ్తున్నారు. వాళ్ళు వస్తే ముందు మాట్లాడేది వాళ్ళే. సాయంత్రం ఆరింటికి మొదలుపెడదాం, తెల్లబట్టలు లేకపోయినా ఫరవాలేదు, కూలి నుంచి నేరుగా రండి.

జై భీమ్. నమో బుద్ధాయ.